పెయ్య మేతలో పొదుపు – ఎదలో ఆలస్యం

(నర్మెట్టలో పాల సంఘ సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



సంఘం లెక్కలు చూడటం నా పని. ఈరోజు మాత్రం పాలివ్వని పశువు లెక్క చెప్పదలచాను. పాలిచ్చే బర్రెకు తవుడు, పత్తి చెక్క పెడతాం. పడ్డకు మిగిలిన వరిగడ్డి వేస్తాం. "ఈనినాక పెడదాంలే" అంటాం. నష్టం అక్కడే మొదలవుతుంది.

తిన్న మేత మొదట ప్రాణం నిలుపుకోవడానికి, తరువాత ఎదుగుదలకు, ఆ మీదటనే ఎదకు పనికివస్తుంది. ముర్రా పడ్డ సుమారు 275 కిలోలు, సంకరజాతి పెయ్య 250 కిలోలు తూగితేనే చూలుకు తగినట్లు. 30 కిలోలతో పుట్టిన పడ్డ రోజుకు 200 గ్రాములే పెరిగితే ఆ బరువుకు 3 సంవత్సరాల 4 నెలలు పడుతుంది. 350 గ్రాములు పెరిగితే రెండేళ్లలోపే వస్తుంది. ఆలస్యమైన ఒక్క ఏడాదిలో 250 కిలోల పశువు రోజుకు 6 కిలోల చొప్పున సుమారు 22 క్వింటాళ్ల ఎండుమేత తింటుంది. పాలూ లేవు, దూడా లేదు.

ఒక సభ్యుడు గొడ్డుదని అంగడికి తోలబోయిన పడ్డను డాక్టరుగారు పరీక్షిస్తే రోగమేమీ లేదు, బరువే చాలలేదు. నట్టల మందు తాపి, దాణా, ఖనిజ లవణాలు పెట్టిన కొన్ని నెలలకు ఎదకు వచ్చింది.

తక్కువ మేతతో అంతే పెరిగే పశువులూ ఉంటాయి. వాటిని గుర్తించే కొలతను అమెరికాలో కోచ్, ఆయన సహచరులు 1963లో సూచించారు. తరువాత మాంసపు జాతి పెయ్యలపై జరిగిన కొన్ని పరిశోధనలలో, అటువంటి వాటికి కొవ్వు తక్కువై ఎద కొంత ఆలస్యమైనట్లు తేలింది. కాబట్టి తక్కువ తింటుందని మాత్రమే మురిసిపోరాదు, సకాలంలో చూలు కట్టిందా అన్నదీ చూడాలి. అలాగని అతిగా కొవ్వెక్కించినా కట్టదు.

చేయవలసినవి ఇవి. రోజుకు కిలో నుండి కిలోన్నర దాణా, కొంత పచ్చిమేత, 30 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వండి. కాటా లేకున్నా టేపు చాలు. ఛాతీ చుట్టుకొలతను అంగుళాలలో తీసి, దానిని దానితోనే గుణించి, ఒంటి పొడవుతో మళ్లీ గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. 60 అంగుళాల ఛాతీ, 50 అంగుళాల పొడవు ఉంటే సుమారు 273 కిలోలు.

ఎద సుమారు 21 రోజులకొకసారి వస్తుంది. ఎండాకాలంలో బర్రె జాతిలో మూగ ఎద ఎక్కువ. అందుకే తెల్లవారుజామున, రాత్రి గమనించండి. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాడు ఉదయం సూది వేయించండి.

వచ్చే సమావేశానికి ప్రతి సభ్యుడు తన పెయ్య వయసు, కొలతలు కాగితంపై రాసుకు రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.