పక్కకు జరిగి, అక్కడే ఉండి



మేం ఆదివాసీ బాలికల హాస్టల్ వార్డెన్లం. పిల్లల తరఫున మాట్లాడటమే మా ఉద్యోగంలో సగం. తనిఖీకి వచ్చిన సారు "అన్నం బాగుంటోందా?" అని పిల్లనడిగితే, ఆ పిల్ల నోరు తెరిచేలోపు "బాగుందండీ" అనేది మేమే.

1988లో కెనడాలోని మాంట్రియల్‌లో అంతర్జాతీయ స్త్రీవాద పుస్తకాల పండగ జరిగింది. ఆన్ కామెరాన్ అనే తెల్లజాతి రచయిత్రి అక్కడి ఆదివాసీ స్త్రీల కథలను వాళ్ల గొంతుతోనే రాసేవారు. మీ రాతల వల్ల మా బలం తగ్గుతోంది, కాస్త పక్కకు జరగండని ఆదివాసీ రచయిత్రులు ఆమెను అడిగారు. ఆమె సరేనన్నారు. లిండా ఆల్కాఫ్ అనే తత్వవేత్త ఇతరుల తరఫున మాట్లాడటం గురించి రాసిన వ్యాసం ఈ సంగతితోనే మొదలవుతుంది. అయితే ప్రతిసారీ నోరు మూసుకుని తప్పుకోవడమూ సరికాదంటారామె. ఎందుకు మాట్లాడుతున్నాం, ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాం, మన మాట వల్ల అవతలివాళ్లకు ఏం జరుగుతుంది, దానికి మనం జవాబు చెప్పుకుంటామా అని చూసుకోమంటారు. బీఈడీలో ఇది మాకెవరూ చెప్పలేదు.

మా హాస్టల్లో ఆరో తరగతి కొలాం పిల్ల ఒకతె రాత్రి భోజనానికి రావడం మానేసింది. పైనుంచి అడిగితే "ఇంటిమీద బెంగండీ, కొలాం పిల్లలు అంతే" అన్నాం. మేమూ ఆదివాసీలమే, కోయవాళ్లం. అందుకే మా మాట చెల్లింది, రిజిస్టర్లోకీ ఎక్కింది. కొలామీ మాకు ఒక్క ముక్క రాదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

పది రోజులకు తొమ్మిదో తరగతి కొలాం పిల్లను పక్కన కూర్చోబెట్టి అడిగించాం. భోజనశాలకు వెళ్లే దారిలో లైటు పోయిందట. అదీ కారణం. మర్నాడే బల్బు వేయించాం. దానికి మేమే మాట్లాడాల్సి వచ్చింది. ఎలక్ట్రీషియన్ ఆరో తరగతి పిల్ల పిలిస్తే రాడు కదా.

రిజిస్టర్లో పాత మాట కింద కొత్తగా రాశాం: "చీకటికి భయపడి రాలేదు." పెద్దపిల్ల దాన్ని కొలామీలో చదివి వినిపించింది. చిన్నది తల అడ్డంగా ఊపి ఏదో అంది. పెద్దపిల్ల నవ్వుతూ తెలుగులో చెప్పింది: "భయం కాదంట మేడం. అక్కడ పాము తిరుగుతుందంట. రెండుసార్లు చూసిందంట."

భయం కొట్టేసి పాము అని రాశాం.