కోనసముద్రం ఉక్కు నుంచి సిమెంటు బస్తా దాకా: ప్రాసెస్ కేపబిలిటీ కథ

నిర్మల్ అనగానే ఎవరికైనా పొనికి చెక్క బొమ్మలే గుర్తొస్తాయి. కానీ రెండొందల ఏళ్ల కిందట ఇరాన్ వర్తకులు ఇంత దూరం వచ్చింది ఉక్కు కోసం.

నిర్మల్ నుంచి గోదావరి దాటి దక్షిణానికి పోతే, ఇప్పటి నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరు ఉంది. భారతదేశాన్ని కొలిచిన మహా త్రికోణమితి సర్వేలో డాక్టరుగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసిన హెన్రీ వెస్లీ వోయ్‌సీ ఆ ఊరి కొలుములు చూసి వివరంగా రాసుకున్నాడు. ఆయన 1824లో చనిపోయాడు. రాసిన వివరాలు 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. అందులో ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక హాజీ కనిపిస్తాడు. కొలుముల దగ్గరే మకాం పెట్టి, ఉక్కు బిళ్లల గట్టితనం పరీక్షించి మరీ కొంటున్నాడు. ఇదే ఉక్కును తమ దేశంలో తయారుచేయబోతే కుదరలేదని కూడా ఆ వర్తకులు చెప్పారట.

హాజీ చేసిన పనిని ఇవాళ ఫ్యాక్టరీల్లో ఇన్‌స్పెక్షన్ అంటారు. చేతిలో ఉన్న బిళ్ల మంచిదో కాదో అది చెబుతుంది. రేపు కొలిమిలోంచి వచ్చే బిళ్ల ఎలా ఉంటుందో మాత్రం చెప్పలేదు. రేపటి మాట చెప్పాలంటే సరుకుతో పాటు, ఆ సరుకు తయారయ్యే పద్ధతిని కూడా కొలవాలి. ఆ కొలతకే ప్రాసెస్ కేపబిలిటీ అని పేరు.

కోనసముద్రం కమ్మరుల పద్ధతి ఎంత కట్టుదిట్టంగా ఉండేదో చూడండి. మిర్తపల్లి ఇనుము మూడు పాళ్లు, కొండాపూర్ ఇనుము రెండు పాళ్లు. మొదటిది ఇప్పటి నిర్మల్ జిల్లాలోని దిమ్మదుర్తి వైపు దొరికే ఖనిజం నుంచి తీసింది. రెండూ కలిపి మట్టి మూసలో పెట్టి, దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ కొలిమి మండించేవారు. మూసలోంచి వచ్చిన బిళ్లకు మట్టి పూసి మళ్లీ కాల్చి, నెమ్మదిగా చల్లారనిచ్చేవారు. సాగగొట్టడానికి వీలయ్యేంత మెత్తబడే దాకా ఆ పని మళ్లీ మళ్లీ చేసేవారు. పాళ్లు, మూస మట్టి, మంట, చల్లారే తీరు అన్నీ అదుపులో ఉంటేనే బిళ్లకూ బిళ్లకూ తేడా తగ్గుతుంది. వర్తకుడు బిళ్లను మూటగట్టుకుని పోగలడు గానీ, ఈ అదుపును మోసుకుపోలేడు.

ఈ అదుపును అంకెల్లో పట్టుకునే దారి వేసింది అమెరికాలోని వాల్టర్ షూహార్ట్. 1924 మే 16న ఆయన తన పై అధికారికి ఒక చిన్న నోట్ పంపాడు. కంట్రోల్ చార్టు పుట్టింది అందులోనే. ఏ యంత్రమైనా ప్రతిసారీ అచ్చంగా ఒకే కొలత ఇవ్వదు, కొంత తేడా దాని స్వభావం. ఆ మామూలు తేడా ఎంతో తెలిస్తే, ఏదో కొత్త కారణం వచ్చి పడినప్పుడు పోల్చుకోవచ్చు. ఆయన ఆలోచనలో కీలకం ఇదే.

ఇప్పుడు లెక్క. మంచిర్యాల, పెద్దపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు తెలియనివాళ్లు లేరు కాబట్టి 50 కిలోల బస్తానే తీసుకుందాం. అంకెలు మాత్రం ఉదాహరణకు అనుకున్నవి. కింది హద్దు 49.5 కిలోలు, పై హద్దు 50.5 కిలోలు. ఈ హద్దులు పెట్టేది కొనేవాళ్లు, చట్టం, యాజమాన్యం. యంత్రానికి వాటి సంగతే తెలియదు.

ప్యాకింగ్ యంత్రం కింద గంటకోసారి వరసగా ఐదు బస్తాలు తూకం వేస్తారు. ఒక గంటలో 50.12, 49.95, 50.08, 50.21, 49.99 వచ్చాయనుకోండి. అన్నిటికన్నా పెద్దదానికీ చిన్నదానికీ తేడా 260 గ్రాములు. ఇలా పాతిక గంటలు రాసి, ఆ తేడాల సగటు తీస్తే 233 గ్రాములు వచ్చిందనుకుందాం. ఐదేసి తీసిన గుంపులకు లెక్కల పట్టిక ఇచ్చే అంకె 2.326. దానితో భాగిస్తే సుమారు 100 గ్రాములు వస్తుంది. అదే సిగ్మా, యంత్రం సహజంగా అటూ ఇటూ ఊగే కొలత.

పై హద్దులోంచి కింది హద్దు తీసేస్తే 1,000 గ్రాములు. దాన్ని ఆరు సిగ్మాలతో, అంటే 600తో భాగిస్తే 1.67. దీన్ని సీపీ (Cp) అంటారు. సాధారణంగా 1.33 దాటితే బాగున్నట్టే. సరిగ్గా 1 అయితే, సగటు నట్టనడుమ ఉన్నా వెయ్యికి దాదాపు మూడు హద్దు దాటుతాయి. మన యంత్రానికి 1.67 ఉంది కాబట్టి, సగటు సరిగ్గా 50 దగ్గర నిలిస్తే పది లక్షల బస్తాల్లో ఒకటి దాటడం కూడా అరుదు.

కానీ సగటు అక్కడ నిలుస్తుందా? తూకం తక్కువొస్తే ఊరంతా గొడవ. అందుకని ఆపరేటర్ సెట్టింగు కొంచెం పైకి జరుపుతాడు. సగటు 50.3 అవుతుంది. సీపీ ఇంకా 1.67 అనే చెబుతుంది, ఎందుకంటే అది వెడల్పునే చూస్తుంది, సగటు ఎక్కడుందో చూడదు. దాన్ని చూసే కొలత పేరు సీపీకే (Cpk). సగటు నుంచి దగ్గరి హద్దుకు ఉన్న దూరాన్ని మూడు సిగ్మాలతో భాగించాలి. ఇక్కడ 200ను 300తో భాగిస్తే 0.67. వెయ్యి బస్తాల్లో దాదాపు 23 పై హద్దు దాటుతాయి. పైగా బస్తాకు 300 గ్రాములు అదనంగా పోతోంది. పది వేల బస్తాలకు మూడు టన్నులు, అంటే అరవై బస్తాల సిమెంటు ఊరికే పోయినట్టు. సిగ్మా తగ్గించగలిగితే ఆపరేటర్‌కు భయం తగ్గి, సెట్టింగు తనంతట తానే నడుమకు వస్తుంది. నాణ్యత ఖర్చుతో కూడిన పని అనేవాళ్లు ఈ ఒక్క లెక్క చూస్తే చాలు.

ఇక ఎక్కువమంది చేసే తప్పు. కంట్రోల్ చార్టు గీయకుండానే ముప్పై బస్తాలు తూచి, కంప్యూటర్ ఇచ్చిన సీపీకే అంకెను ఆడిటర్ ముందు పెట్టేస్తారు. యంత్రం పొద్దున ఒకలా, రాత్రి షిఫ్టులో ఇంకోలా నడుస్తుంటే ఆ అంకెకు అర్థమే లేదు. ముందు నిలకడ ఉండాలి, ఆ తర్వాతే కేపబిలిటీ. తూకం కాటా సంగతీ అంతే. కాటాయే 50 గ్రాములు అటూ ఇటూ చూపిస్తే, ఆ తేడా కూడా యంత్రం ఖాతాలో పడిపోతుంది.

అయితే ఈ కొలబద్దను అన్నిటి మీదా పెట్టకూడదు. పొనికి చెక్కతో చేసిన నిర్మల్ బొమ్మల్లో ఒకదానికి మరొకటి అచ్చు గుద్దినట్టు ఉండాలని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. చెక్క సరిగా ఆరిందా, రంగు పిల్లలకు హాని చేయనిదా అన్నంతవరకు కొలతలు కావాలి. రంగులు అద్దే చేతి ఒడుపుకు హద్దులు గీయడం అన్యాయం.

ఈ లెక్కలు మన దేశానికి కొత్తవి కావు. 1947-48లో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పిలుపు మీద షూహార్ట్ మన దేశం వచ్చాడు. ఆ మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు హైదరాబాద్‌లో నాణ్యతా నియంత్రణ విభాగం ఉంది. నేర్చుకోవాలన్నవాళ్లు దూరం పోనక్కర్లేదు.

రైస్ మిల్లు, పప్పు మిల్లు, చిన్న ప్యాకింగ్ షెడ్డు, ఏది నడుపుతున్నా సరే. ముందు కాటా సరిచేయించండి. గంటకు ఐదు బస్తాలు తూచి ఒక నోటుబుక్కులో రాయండి. పాతిక గంటల అంకెలు చేతికొచ్చాకే సీపీకే లెక్కకు కూర్చోండి.