టైల్ సంగతి సరే, సందు సంగతేమిటి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను మాట్లాడమన్నప్పుడే నిర్వాహకులు ఒక షరతు పెట్టారు. "పాత జ్ఞాపకాలు చెప్పడానికి చాలామంది ఉన్నారు. నువ్వు ఇంజనీరువి కదా, ఇంటికి తీసుకెళ్లి వాడుకునే విషయం ఒకటి చెప్పు" అన్నారు. మనలో చాలామంది ఇప్పుడు ఇళ్లు కట్టుకుంటున్నారు. రిటైరైన మాస్టార్లు పాత ఇళ్లు బాగుచేయించుకుంటున్నారు. అరకు చుట్టుపక్కల ఉన్నవాళ్లు కొందరు ఇంటి పక్కన రెండు గదులు వేసి పర్యాటకులకు ఇస్తున్నారు. వీళ్లందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "బాత్రూంలో టైల్స్ మధ్య ఎపాక్సీ నింపమంటున్నారు. నింపించాలా, లేక అది దండగ ఖర్చా?" ఈ పది పదిహేను నిమిషాల్లో దానికే జవాబు చెబుతాను.

మన ఊళ్లలో పాత ఇళ్ల నేల ఎర్రమట్టి వేసి, పేడతో అలికిన నేల. అది చెమ్మ పీల్చుకునేది, మళ్లీ ఆరేది. పగుళ్లు వస్తే మళ్లీ అలికేవారు. ఆ నేలకు సందులంటూ లేవు. టైల్స్ వచ్చాక నేల నున్నగా, శుభ్రంగా అయింది గాని, ప్రతి పలక చుట్టూ నాలుగు సందులు వచ్చాయి. టైల్ ఫ్యాక్టరీలో తయారవుతుంది, దాని నాణ్యతకు కంపెనీ పూచీ. సందు మాత్రం మన ఇంట్లోనే, మన మేస్త్రి చేతిలోనే తయారవుతుంది. నేల పాడవడం మొదలయ్యేది దాదాపు ఎప్పుడూ అక్కడే.

ఎందుకు పాడవుతుందో మన సైన్సు మాస్టారు ఎప్పుడో చెప్పేశారు. సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే అది పాలలా తెల్లబడటం మనందరం చూశాం. ఇంకా ఊదుతూ పోతే ఆ తెలుపు మళ్లీ కరిగిపోతుంది. బొగ్గుపులుసు గాలి కలిసిన నీరు సున్నపురాయిని కరిగిస్తుందన్నమాట. బొర్రా గుహలు ఏర్పడింది ఇలాగే. ఒకచోట రాయి కరుగుతుంది, మరోచోట అదే సున్నం బొట్టుబొట్టుగా పేరుకుంటుంది. టైల్స్ సందుల్లో నింపే తెల్ల సిమెంటులోనూ సున్నం ఉంది. కంటికి కనిపించని సన్నని రంధ్రాలూ ఉన్నాయి. నీరు వాటిలోకి దిగుతుంది, సున్నాన్ని పైకి తెచ్చి తెల్లని పొరగా వదులుతుంది. ఆ రంధ్రాల్లో సబ్బు, నూనె, పసుపు, మన కాఫీ మరకలు ఇంకుతాయి. ఆపైన వర్షాకాలం నెలల తరబడి చెమ్మ ఆరదు కాబట్టి పాకుడు, బూజు పడతాయి. అవి పోవాలని ఇంట్లోవాళ్లు యాసిడ్ పోసి రుద్దుతారు. గుహలో యుగాలు పట్టే పని యాసిడ్‌తో కొద్ది నెలల్లో జరిగిపోతుంది. సందు గుల్లవుతుంది.

ఇక ఎపాక్సీ అంటే ఏమిటి? పేరు కొత్తగా ఉంది గాని వస్తువు మనకు తెలిసిందే. అరాల్డైట్‌లో రెండు గొట్టాలు, ఎం-సీల్‌లో రెండు ముద్దలు ఉంటాయి కదా, ఇదీ ఆ కుటుంబమే. 1930ల్లో స్విట్జర్లాండులో పియెర్ కాస్తాన్ అనే రసాయన శాస్త్రవేత్త పళ్లకు సంబంధించిన పనుల కోసం ఈ రకం పదార్థం మీద పరిశోధన చేశారు. ఆ తర్వాత అది విమానాల్లోకి, వంతెనల్లోకి, చివరకు మన స్నానాల గదిలోకి వచ్చింది. గ్రౌట్ డబ్బాలో సాధారణంగా మూడు ఉంటాయి: రెజిన్, హార్డెనర్, సన్నని ఇసుకలాంటి రంగు పొడి. ఇందులో సిమెంటు ఉండదు. నీటితో గట్టిపడదు. రెజిన్, హార్డెనర్ ఒకదాన్నొకటి పట్టుకుని అల్లుకుని గట్టిపడతాయి. అందుకే అది నీరు పీల్చదు, ఇంట్లో వాడే మామూలు క్లీనర్లకు లొంగదు.

అయితే ఇల్లంతా అదే నింపించాలా? అక్కర్లేదు. హాలుకు, పడకగదికి మంచి సిమెంటు గ్రౌట్ చాలు. ఎండ నేరుగా పడే చోట లేతరంగు ఎపాక్సీ కాలక్రమంలో పచ్చబడుతుంది. అక్కడ అది అనవసరం. బాత్రూం నేల, గోడకు మూడడుగుల ఎత్తు వరకు, వంటగట్టు, దాని వెనక గోడ, ఈ చోట్లకు మాత్రం పెట్టిన డబ్బుకు ఫలితం ఉంటుంది.

ఇందాక విరామంలో మన లెక్కల మాస్టారు "ఎంత పడుతుందో లెక్క చెప్పవోయ్" అన్నారు. చెబుతాను మాస్టారూ. టైల్ పొడవు, వెడల్పు కూడి, ఆ మొత్తాన్ని వాటి లబ్ధంతో భాగించాలి. వచ్చినదాన్ని సందు లోతుతో, సందు వెడల్పుతో, సాంద్రత 1.6తో గుణించాలి. కొలతలన్నీ మిల్లీమీటర్లలో తీసుకుంటే చదరపు మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. ఐదడుగులు, ఏడడుగుల బాత్రూం అనుకోండి. నేలకు 300, 300 టైల్స్, సందు 3 మిల్లీమీటర్లు, లోతు 8. చదరపు మీటరుకు పావు కిలో చొప్పున నేలంతటికీ సుమారు 830 గ్రాములు. గోడకు మూడడుగుల ఎత్తు వరకు 300, 600 టైల్స్ అయితే ఇంకో 1,150 గ్రాములు. రెండూ కలిపి రెండు కిలోలు, వృథా పోయేదానికి ఇంకో పావు కిలో. సిమెంటు గ్రౌట్ కంటే ఇది ఎన్నో రెట్లు ఖరీదే. కాని కావలసింది బస్తాలు కాదు, రెండు మూడు కిలోలు. ఆ లెక్క తెలిస్తే భయం సగం తగ్గుతుంది.

ఇప్పుడు పని గురించి. మేస్త్రి పక్కన నిలబడి చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది సందు. "సందు కనపడకుండా వేయండి" అని మనమే అడుగుతాం. టైల్‌కి టైల్ ఆనించి వేస్తే నింపడానికి చోటే ఉండదు. పైపైన పూసినది నాలుగు నెలల్లో రాలిపోతుంది. స్పేసర్లు పెట్టి కనీసం 2 నుంచి 3 మిల్లీమీటర్లు వదలమనండి. టైల్ అంటించిన సిమెంటు సందుల్లోకి పొంగి ఉంటే అది తడిగా ఉన్నప్పుడే గీకేయాలి. సందు లోతులో మూడింట రెండు వంతులైనా ఖాళీగా ఉండాలి. పాత బాత్రూంకైతే పాత గ్రౌట్‌ను అంత లోతూ తవ్వి తీయాలి. దాని మీదే పల్చగా ఎపాక్సీ పూస్తే పొరలా ఊడి వస్తుంది.

రెండోది ఆరిక. సందులో దుమ్ము, తడి ఉండకూడదు. మన కొండల్లో ఇదే కష్టం. పైకి ఆరినట్టుంటుంది, కింద చెమ్మ ఉంటుంది. ఒక చిన్న పరీక్ష ఉంది. చదరపు అడుగు పాలిథీన్ ముక్కను నేల మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో అంటించి రాత్రంతా వదిలేయండి. తెల్లారి కింద నీటి బొట్లు కనిపిస్తే ఇంకా ఆగండి.

మూడోది పాళ్లు. సిమెంటు పనిలో "ఇంకో గరిట వెయ్యి, గట్టిగా ఉంటుంది" అనే అలవాటుంది. ఇక్కడ అది పనికిరాదు. రెజిన్‌కు ఎంత హార్డెనర్ కావాలో కంపెనీ తూచి ఇస్తుంది. ఎక్కువైనా తక్కువైనా జత దొరకనిది లోపల జిగటగా మిగిలిపోతుంది, ఎన్నాళ్లయినా గట్టిపడదు. అందుకని డబ్బాను కంటి చూపుతో సగం చేయవద్దు. ముందు రెజిన్, హార్డెనర్ రంగు ఒకేలా వచ్చేదాకా బాగా కలిపి, తర్వాతే పొడి వేయాలి. నీళ్లు గాని థిన్నర్ గాని చుక్క కూడా కలపకూడదు.

నాలుగోది వేళ. కలిపిన క్షణం నుంచి గడియారం నడుస్తూ ఉంటుంది. గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. బకెట్టులో ముద్దగా ఉంచితే ఆ వేడికి ఇంకా త్వరగా బిగుసుకుంటుంది. కాబట్టి కొద్దికొద్దిగా కలిపి, వెంటనే నేల మీదికి తీయాలి. గట్టి రబ్బరు ఫ్లోట్‌తో సందులోకి అదిమి నింపి, ఫ్లోట్‌ను నిలువుగా పట్టుకుని సందులకు ఐమూలగా లాగి మిగులు తీసేయాలి. చిన్న భాగం నింపడం, దాన్ని శుభ్రం చేయడం, తర్వాతే ముందుకు జరగడం. ముందు స్క్రబ్ ప్యాడ్‌తో కొద్ది నీటితో వదులు చేసి, తర్వాత పిండిన స్పాంజితో తుడవాలి. నీళ్లు మాటిమాటికీ మార్చాలి. ఆ నీళ్లు మురికైతే ఎపాక్సీని టైలంతా పులిమినట్టే. పల్చని మసక పొర కనిపిస్తే ఆ రోజే రెండోసారి తుడవాలి. రేపు చూద్దామంటే అది టైల్‌లో భాగమైపోతుంది. గరుకు టైల్స్‌కు, నునుపు చేసిన రాతికి ముందు ఒక మిగులు ముక్క మీద వేసి చూసుకోండి.

ఐదోది మన చలి. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున పది డిగ్రీల కిందికి దిగే రోజులు మనకు తెలుసు. మే నెల విశాఖపట్నంలో అరగంటలో బిగిసే ఎపాక్సీ ఇక్కడ ఆ చలిలో గంటల తరబడి మెత్తగానే ఉంటుంది. రెజిన్ తేనెలా చిక్కబడి సరిగా కలవదు కూడా. కింద నేర్చుకున్న మేస్త్రి పైకొచ్చి తికమకపడేది ఇక్కడే. చలికాలంలో చేయక తప్పకపోతే డబ్బాలను ముందురోజు రాత్రి ఇంట్లో వెచ్చని గదిలో ఉంచండి. మూత తీయకుండా గోరువెచ్చని నీటిలో కాసేపు నిలబెట్టండి. మంట మీద మాత్రం పెట్టకండి. పొద్దున పది నుంచి మూడు లోపల పని ముగించండి. మామూలుగా ఒక రోజుకు నడవవచ్చు, మూడు రోజులకు నీళ్లు తగలవచ్చు, పూర్తి బలానికి వారం కావాలి. చలిలో ఈ గడువులు పెరుగుతాయి. పండక్కి చుట్టాలొస్తున్నారని ముందే నీళ్లు పోయకండి.

ఎపాక్సీ చేయలేని పనులూ చెప్పాలి. అది వాటర్‌ప్రూఫింగ్ కాదు. టైల్స్ కింద స్లాబుకు ఆ పొర విడిగా వేయాలి. అది వాటాన్ని సరిచేయదు. మీటరుకు ఒక సెంటీమీటరైనా వాటం లేకపోతే ఎంత ఖరీదైన సందు మీదైనా నీరు నిలుస్తుంది. అది వంగదు. అందుకే గోడా నేలా కలిసే మూలల్లో ఎపాక్సీ కాదు, సిలికాన్ సీలెంట్ పెట్టాలి. ఈ మూడూ వదిలేసి ఎపాక్సీ మీదే భారం వేస్తే ఆ ఖర్చు దండగే.

చివరిగా చెప్పేది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. గట్టిపడిన ఎపాక్సీ హానిచేయదు. గట్టిపడకముందు రెజిన్, హార్డెనర్ రెండూ చర్మానికి చెడుపు చేస్తాయి. దురద, ఎర్రని దద్దుర్లు, పొక్కులు వస్తాయి. అంతకంటే పెద్ద చిక్కు ఎలర్జీ. ఒకసారి శరీరానికి అది పడకుండా పోతే ఇక జీవితాంతం పడదు. ఆ తర్వాత కొంచెం తగిలినా చేతులు వాచిపోతాయి. ఆ మనిషి ఆ పని వదులుకోవలసిందే. సిమెంటులో చేతులు పెట్టినట్టే ఎపాక్సీలోనూ ఉత్త చేతులు పెట్టేవాళ్లను నేను ఎన్నో సైట్లలో చూశాను. వాళ్లలో మన కొండల కుర్రాళ్లు ఉన్నారు. పనికోసం విశాఖకు, హైదరాబాదుకు వెళ్లి టైల్స్ పని నేర్చుకున్నవాళ్లు. వాళ్లకు ఉన్న ఆస్తి ఆ రెండు చేతులే.

ఖర్చు చూస్తే ఇది చాలా చిన్న విషయం. నైట్రైల్ గ్లవ్స్ జతలు కొన్ని, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా, తెరిచిన కిటికీ. గుడ్డ గ్లవ్స్ పనికిరావు, అవి పీల్చుకుని చర్మానికే అంటిస్తాయి. గ్లవ్ చిరిగితే మార్చాలి. చర్మానికి అంటితే వెంటనే సబ్బుతో కడగాలి. థిన్నర్‌తో తుడవకూడదు, అది చర్మం మీది నూనెను తీసేసి రసాయనాన్ని ఇంకా లోపలికి పంపుతుంది. మేస్త్రి "నాకు అలవాటేనండి" అంటాడు. ఈ పదార్థానికి అలవాటు పడటమంటూ లేదు. ఎన్నిసార్లు తగిలితే అంత ప్రమాదం.

మన సంఘం స్వర్ణోత్సవ కానుకగా హాస్టల్ స్నానాల గదులు బాగుచేయించాలని తీర్మానించింది. ఆ పనికి నా వైపు నుంచి మూడు సూచనలు. పిల్లలు వేసవి సెలవులకు వెళ్లాక మొదలుపెడదాం. అప్పుడు చలీ ఉండదు, వారం రోజులు నీళ్లు తగలకుండా ఆపడమూ సాధ్యమవుతుంది. నేలకు, మూడడుగుల గోడకు ఎపాక్సీ, పైన సిమెంటు గ్రౌట్, మూలల్లో సిలికాన్ చాలు. మూడోది, ఎస్టిమేట్‌లో టైల్స్, గ్రౌట్, కూలి అని రాసే చోట గ్లవ్స్, కళ్లద్దాలు అని ఇంకో పద్దు రాద్దాం. మీ ఇంటి పనిలోనూ ఆ పద్దు రాయించండి. ఎస్టిమేట్ వేసిచ్చే బాధ్యత నాది. ఈ సభ అయ్యాక లెక్కల మాస్టారికి చూపించి దిద్దించుకుంటాను.