పుదుచ్చేరిని నిలబెట్టిన సూరత్ గుమాస్తా: ఫ్రాన్స్వా మార్టిన్

 సాంచాల మీద షిఫ్టు వదులుకుని వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక ఉపోద్ఘాతం పెంచను. ఈ ఊళ్లో తెలుగు మీడియం పిల్లలకు చరిత్ర చెప్పిన మాస్టారి పేరిట జరిగే ఉపన్యాసం కాబట్టి, ఈ సూరత్‌తోనూ మన మచిలీపట్నంతోనూ సంబంధమున్న మనిషిని ఎంచుకున్నాను.

యుద్ధకాలపు ఫ్రెంచి నాయకుడనగానే క్లెమెన్సో, డిగాల్ గుర్తొస్తారు. మన దేశం వరకైతే డూప్లే. ఫ్రాన్స్వా మార్టిన్ పేరు పుదుచ్చేరి పొలిమేర దాటితే పెద్దగా వినపడదు. నన్నడిగితే డూప్లే కన్నా మార్టినే గట్టివాడు. డూప్లే కూడబెట్టిన రాజ్యం ఆయన బతికుండగానే కరగడం మొదలైంది. మార్టిన్ నిలబెట్టిన ఊరు, నడుమ ఇంగ్లీషువాళ్లు పలుమార్లు లాక్కున్నా, 1954 దాకా ఫ్రెంచివాళ్లదే.

1634లో పారిస్‌లో పుట్టాడు. తండ్రి వర్తకుడే గాని, ఇతను పెళ్లికాని తల్లి కొడుకు. తండ్రి పోగానే ఇంటివాళ్లు దుకాణంలోంచి బయటికి నెట్టారు. కిరాణా కొట్లో గుమాస్తాగా చేరితే అదీ నిలవలేదు. 1664లో మంత్రి కోల్బేర్ ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ పెట్టించాడు. మార్టిన్ భార్యను పారిస్‌లోనే వదిలి, మరుసటేడు మడగాస్కర్ వెళ్లే ఓడెక్కాడు. అక్కడినుంచి సూరత్‌కు వచ్చాడు.

అప్పటికి సూరత్ అంటే మొగలాయీల ప్రధాన రేవు. మక్కా యాత్రికుల ఓడలు ఇక్కడినుంచే బయలుదేరేవి. 1668లో కారోన్ ఇక్కడ ఫ్రెంచి కోఠీ తెరిచాడు. ఈ కారోన్ అంతకుముందు డచ్చి కంపెనీ మనిషి. జపాన్‌లో వాళ్ల వర్తకం చూసినవాడు. ఇక మార్కారా అనే ఆర్మీనియన్ గోల్కొండకు వెళ్లి, 1669లో అబ్దుల్లా కుతుబ్‌షా దగ్గర ఫర్మానా సంపాదించి మచిలీపట్నంలో కోఠీ పెట్టించాడు. ఇద్దరికీ పడలేదు. కంపెనీలో అందరికీ అందరిమీదా అనుమానమే. 1670లో మార్టిన్‌ను మచిలీపట్నం పంపారు. అద్దకం బట్టలు, నేతగాళ్లకిచ్చే బయానాలు, దుబాసీల లెక్కలు అక్కడ ఆయన కళ్లముందే నడిచాయి.

అంతలో యుద్ధం. 1672లో ఫ్రాన్సు హాలెండు మీదికి పోయింది. మన దేశంలో దె లా హే అనే ఫ్రెంచి నౌకాదళాధిపతి గోల్కొండ సుల్తాను చేతిలోని, మద్రాసు పక్కనున్న శాంతోంను పట్టుకున్నాడు. నిలుపుకోవడం మాత్రం చేతకాలేదు. నేలమీద గోల్కొండ సేన, నీళ్లమీద డచ్చివాళ్లు. 1674 సెప్టెంబరులో లొంగిపోక తప్పలేదు. ఇంత ఆర్భాటం చేసి మిగుల్చుకున్నదేమిటంటే, వలికొండాపురం పాలకుడు షేర్‌ఖాన్ లోడీ ఇచ్చిన చిన్న సముద్రతీర గ్రామం పుదుచ్చేరి. అక్కడ మార్టిన్, ఆయన వెంట సుమారు 60 మంది ఫ్రెంచివాళ్లు.

మార్టిన్ మొదట చేసిన పని కోట కట్టడం కాదు. కంపెనీ సొమ్ము షేర్‌ఖాన్‌కే వడ్డీకి ఇచ్చాడు. పాలకుడు బాకీదారయితే మన జోలికి రాడని లెక్క. లెక్క బాగానే ఉంది గాని, 1677లో శివాజీ దక్షిణాదికి దండెత్తి వచ్చి షేర్‌ఖాన్‌ను ఓడించాడు. బాకీ సంగతి దేవుడెరుగు, ఊరే పోయేట్టుంది. మార్టిన్ సరుకంతా పడవల్లో మద్రాసుకు తరలించి, ఒక బ్రాహ్మణ దూతను శివాజీ దగ్గరకు పంపాడు. తమ యుద్ధాల్లో తల దూర్చకుండా ఉంటే పుదుచ్చేరిలో ఉండవచ్చని శివాజీ ఒప్పుకున్నాడు. సూరత్‌ను రెండుసార్లు దోచిన శివాజీ అంటే కంపెనీవాళ్లకు ఎంత హడలో మీకు చెప్పనక్కర్లేదు. ఆ శివాజీతో కత్తి దూయకుండా పని ముగించాడు మార్టిన్.

1681లో మార్టిన్‌ను మళ్లీ ఈ సూరత్‌కే పిలిపించారు. పెద్ద పదవే గాని పెద్ద శిక్ష కూడా. పారిస్ నుంచి డబ్బు రాదు. ఇక్కడి షావుకార్ల దగ్గర అప్పుమీద అప్పు. సూరత్ షావుకారు ఫిరంగి పేల్చడు. మొగలు అధికారి దగ్గర ఫిర్యాదు చేసి సరుకు ఆపిస్తాడు. ఆ తలనొప్పుల్లో ఏళ్లు గడిపి, 1686లో పుదుచ్చేరికి తిరిగివెళ్లాడు. ఆ ఏడే భార్య పారిస్ నుంచి వచ్చి చేరింది. ఇరవయ్యేళ్ల ఎడబాటును చరిత్రకారులు ఒక్క వాక్యంలో దాటేస్తారు.

మళ్లీ యూరపులో యుద్ధం. ఈసారి డచ్చివాళ్లు జింజీ కోటలో ఉన్న శివాజీ కొడుకు రాజారాంకు డబ్బు ముట్టజెప్పి పుదుచ్చేరిపై హక్కు కొనేశారు. 1693లో 19 ఓడలతో వచ్చిపడ్డారు. మార్టిన్ దగ్గర కొద్దిమంది ఫ్రెంచివాళ్లు, కొన్ని వందల మంది మనవాళ్లు. కొన్నాళ్లు పోరాడి, మర్యాదగా బయటికి పోయే షరతులు రాయించుకుని లొంగిపోయాడు. చేవలేక లొంగాడన్నవాళ్లూ ఉన్నారు. ఆ ఓడల లెక్క చూస్తే ఆ మాట నా నోట రాదు. డచ్చివాళ్లు బటావియా తిప్పి వదిలిపెడితే, ఆయన బెంగాల్‌లోని చంద్రనగరంలో అల్లుడు దెలాంద్ దగ్గర చేరి, ఊరు తిరిగి ఇప్పించమని ఒత్తిడి చేస్తూనే ఉన్నాడు. 1697 రిస్విక్ సంధితో పుదుచ్చేరి తిరిగి వచ్చింది. 1699లో స్వాధీనం చేసుకునేటప్పుడు, డచ్చివాళ్లు కట్టిన గోడలకు వెలకట్టి 16,000 వరహాలు ఇచ్చుకోవలసి వచ్చింది. ఓడినవాడికి ఊరూ దక్కింది, ఊరికి గోడలూ దక్కాయి.

ఈ పట్టుకు పోలిక డిగాల్‌లో దొరుకుతుంది. 1940లో సొంత దేశం జర్మనీకి లొంగిపోయాక లండన్‌లో కూర్చుని డిగాల్ ఫ్రాన్సు హక్కును వదలనన్నాడు. పుదుచ్చేరి గవర్నరు బొన్వాన్ ఆ సెప్టెంబరులోనే డిగాల్ పక్షం చేరాడు. సైన్యం పోయినా హక్కు పోలేదనే ఆ పట్టు మార్టిన్‌కు 1693లోనే ఉంది.

1701లో ఫ్రెంచి కంపెనీ అధికార పీఠం సూరత్ నుంచి పుదుచ్చేరికి మారింది. అక్కడ కోట పూర్తయిన ఏడే, 1706 డిసెంబరు 31న, మార్టిన్ కన్నుమూశాడు. ఇక్కడ సూరత్‌లో బాకీలు మాత్రం తీరలేదు. అప్పులవాళ్లు సరుకు జప్తు చేయిస్తారన్న భయంతో కొన్నాళ్లకు ఫ్రెంచి ఓడలు తాపీ నది ముఖం చూడటమే మానేశాయి. సూరత్‌లో మిగిలిన ఆ కాస్త జాగాను, మచిలీపట్నంలోని ఫ్రెంచి జాగాతో కలిపి, 1947 అక్టోబరులో భారత ప్రభుత్వానికి అప్పగించారు. అప్పిచ్చిన షావుకార్ల వారసుల ఊసు ఆ కాగితాల్లో ఎవరూ ఎత్తలేదు.