పొడియగు తుపాకి గుండ్లు

తుపాకి గుండు అనగానే దేనినైనను దూసికొనిపోవు గట్టి లోహము మనస్సునకు తోచును. తగిలినంతనే పిండియై రాలిపోవు గుండ్లును కలవన్నచో కొందఱికి ఆశ్చర్యము కలుగవచ్చును. ఆంగ్లమున వీనిని ఫ్రాంజిబుల్ గుండ్లు అందురు.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికాలో బాంబరు విమానములలోని తుపాకిదారులకు శిక్షణ యిచ్చుటకు ఇట్టి గుండ్లను ఉపయోగించిరి. సీసమును బేకలైటుతో కలిపి వానిని తయారుచేసిరి. దళసరి కవచము తొడిగిన బెల్ ఆర్.పి.-63 విమానము ఎదురుగా ఎగురుచుండగా, శిక్షణార్థులు దానిపై నిజముగనే కాల్చెడివారు. గుండు తగిలి చిట్లిపోవును. విమానపు ముక్కునందలి దీపము వెలుగును. గురి కుదిరినదని అదియే గుర్తు.

నేటి గుండ్లలో సీసము సాధారణముగ ఉండదు. రాగి, తగరముల పొడులను అచ్చులో గట్టిగ నొక్కి, పిదప అవి కరగిపోకుండ వేడిచేసి రేణువులను అతికింతురు. పోతపోసిన లోహమునకు గల సాగుగుణము దీనికి లేదు. కావున ఉక్కు గురిపలకకు తగిలిన మరుక్షణమే అది పొడియగును. మామూలు గుండైనచో దాని తునకలు వెనుకకు చిమ్మి, కాల్చినవానినే గాయపఱచవచ్చును.

రెండవ లాభము ఆరోగ్యమునకు సంబంధించినది. నాలుగు గోడల నడుమ నిత్యము కాల్పులు జరుగుచోట సీసపు ధూళి ఊపిరితోడను, బట్టలకు అంటుకొని ఇంటిలోని పసిబిడ్డలకును చేరును. సీసము లేని గుండు ఈ బాధను తగ్గించును. కాని తూటా అడుగున నిప్పు రగిల్చు ప్రైమరులోను సీసము ఉండవచ్చును. అదియును సీసము లేనిదైన గాని పూర్తి ఫలము దక్కదు.

ఇక చట్టము మాట. అమెరికా సమాఖ్య చట్టము 1986లో కవచభేదక గుండ్లపై కట్టుబాట్లు విధించినది. అందు లక్ష్యాభ్యాసమునకై రూపొందించిన ఫ్రాంజిబుల్ గుండ్లకు మినహాయింపు కలదు. రాష్ట్రముల నిబంధనలు వేఱుగ ఉండవచ్చును. మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టము ననుసరించి, తూటా ఏ రకముదైనను లైసెన్సు లేక సామాన్యులు ఉంచుకొనరాదు.

కడపట ఒక హెచ్చరిక. పొడియగునది కదా, తగిలినను ప్రమాదము లేదని తలచుట ప్రాణాంతకమైన పొరపాటు. ఎండిన మట్టిబెడ్డను రాతిగోడపై విసరినచో పొడిపొడి యగును. బురదలో విసరినచో చెక్కుచెదరక దిగబడును. ఈ గుండ్ల స్వభావమును ఇంచుమించు అంతియే. ఉక్కుపై చిట్లునది పలుచని గోడను దూసికొనిపోవచ్చును. మనుష్యదేహమున లోతుగ దిగవచ్చును. కావున కంటికి రక్షణ, గుఱి వెనుక గట్టి అడ్డు, తుపాకి మొన ఎటున్నదను ఎఱుక, ఇవి ఏ గుండునకైనను తప్పవు. పొడియగునది గుండే కాని, కాల్చువాని బాధ్యత కాదు.