టికెట్టు మీద గంటలు - ఇంటి నుంచి గంటలు
(ధర్మవరం సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రైల్వేలో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి విమానాల గురించి చెప్పమన్నారు కార్యదర్శిగారు. ఒకసారి లెక్క తప్పినవాణ్ణి కాబట్టి ఒప్పుకున్నాను.

2019లో హైదరాబాదులో మా అక్కకు సీరియస్ అని ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది. రాత్రి రైలెక్కితే తెల్లవారి కాచిగూడలో దిగవచ్చు. నేను మాత్రం విమానమైతే గంటంబావే కదా అనుకున్నాను. వేకువన నాలుగు గంటలకు కారెక్కాను. దేవనహళ్లి విమానాశ్రయానికి మూడు గంటల పైన పట్టింది. తనిఖీలూ నిరీక్షణా కలిపి ఇంకో రెండు గంటలు. శంషాబాదులో దిగి ఆసుపత్రి చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. అనంతపురంలో రాత్రి రైలెక్కిన మా తమ్ముడు పొద్దున్నే చేరి అక్కతో మాట్లాడాడు. నేను పోయేసరికి ఆమెకు మాట పడిపోయింది. మూడో రోజు పోయింది.

ఆ తర్వాత కూర్చుని లెక్క వేశాను. దేవనహళ్లి నుంచి శంషాబాదుకు సూటిగా కొలిస్తే సుమారు 450 కిలోమీటర్లు. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుందనుకుంటే 34 నిమిషాలు చాలు. మరి టికెట్టు మీద గంటా పది, గంటంబావు ఎందుకుంటుంది? విమానం నిలిచిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి అక్కడ పోయి ఆగేదాకా లెక్క అది. యార్డులో మన బండి మెల్లగా పోయినట్టే అదీ నేలమీద మెల్లగా పోవాలి, పైకెక్కాలి, వేగం తగ్గించి దిగాలి. దగ్గరి ప్రయాణంలో ఇదే సగం కాలం తింటుంది.

దూర ప్రయాణంలో కథ వేరు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎక్కడా ఆగని విమానం మొదలుపెట్టింది. తొలి విమానాన్ని మహిళా పైలట్లే ఉత్తర ధ్రువం మీదుగా నడిపారు. దూరం సుమారు 14,000 కిలోమీటర్లు, కాలం 17 గంటలు. భాగించి చూడండి, గంటకు 820 దాకా వస్తుంది. ఇక్కడ ఎక్కడం, దిగడం లెక్కలోకే రావు.

పిల్లలు టికెట్లు పంపినప్పుడు మనలో చాలామంది తికమకపడేది గడియారం దగ్గర. బయలుదేరే వేళ మన ఊరిది, చేరే వేళ ఆ ఊరిది. కాలిఫోర్నియా చలికాలంలో మనకంటే 13 గంటల 30 నిమిషాలు వెనుక, వేసవిలో 12 గంటల 30 నిమిషాలు. జనవరిలో మధ్యాహ్నం రెండింటికి బెంగళూరు వదిలి అదే సాయంత్రం అయిదున్నరకు చేరతారని టికెట్టులో ఉంటే అది మూడున్నర గంటలు కాదు, పదిహేడు. చక్కెర వ్యాధికి మందులు వాడేవారు బిళ్ల ఎన్ని గంటలకు వేసుకోవాలో, సూది ఎప్పుడు వేసుకోవాలో బయలుదేరకముందే డాక్టరుగారిని అడిగి రాయించుకోండి. మందులు చేతిసంచిలోనే ఉంచుకోండి, పెద్ద పెట్టెలో వేయకండి.

టికెట్లు వెంట తెచ్చినవారుంటే కాఫీ అయ్యాక నా దగ్గరకు రండి, కలిసి చూద్దాం. సెలవు.