విద్యార్థుల వంటశాల



వారములు చేసికొని చదువుకొన్నవారు తెలుగునాట ఎందరో కలరు. అచట ఊరు విద్యార్థికి అన్నము పెట్టెను. విద్యార్థులే ఇరుగుపొరుగువారికి అన్నము పెట్టిన ఉదంతము అమెరికాలో కలదు.

వాషింగ్టను నగరమున 1989లో రాబర్టు ఎగ్గర్ అను నాతడు, విందులలో మిగిలిన ఆహారమును పేదల కందించుటకై వంటశాల నొకటి స్థాపించెను. ఆ సంస్థ పూనికతో 2001లో సెయింటు లూయిస్ విశ్వవిద్యాలయమున విద్యార్థుల వంటశాల వెలసెను. భోజనశాలలలో మిగిలిన పదార్థములను, వర్తకు లిచ్చిన సరకులను విద్యార్థులు సేకరించి, వండి, వృద్ధులకు, పేద కుటుంబములకు చేర్చిరి. అది ఎంగిలి కాదు; వడ్డింపక మిగిలిన శుచియైన ఆహారము.

తా మిచ్చిన ఆహారమువలన ఎవరికైన జబ్బు చేసినచో నింద తమపై పడునని దాతలు జంకుట సహజము. సద్బుద్ధితో నిచ్చినవారికి 1996లో అచటి చట్టము రక్షణ కల్పించెను. ఘోరమైన అజాగ్రత్తకు మాత్రము మన్నింపు లేదు.

ఇక స్థానిక ధర్మసంస్థల పాత్ర ముఖ్యము. ఏ యింట పొయ్యి రాజలేదో, ఏ ముదుసలికి ఉప్పు పనికిరాదో ఎరిగినవి ఆ సంస్థలే. విద్యార్థులకు ఓపిక కలదు. సంస్థలకు ఎరుక కలదు. సెలవులలో విద్యార్థులు స్వగ్రామములకు పోవుదురు. చదువు ముగిసిన మరలి రారు. ఆకలికి సెలవు లేదు. కావున ఏడాది పొడవునను నిలిచియుండు సంస్థ తోడు లేనిదే యువకుల ఉత్సాహము నాలుగునాళ్ల ముచ్చటయే యగును.

గ్రామ గ్రంథాలయమునకు యువకులును కలరు, ఇంటింటి నెరిగిన పెద్దలును కలరు. ఈ ఇరువురును కలిసినచో పొరుగువాని ఆకలి తీర్చుట అసాధ్యము కాదు.